చలికాలంలో డ్రమ్ము మండి: నిప్పు ఎలా నిలపాలి, ఎక్కడ వదిలేయాలి

రాయచోటిలో వలీమా అయినా అఖీఖా అయినా దావత్ అంటే ఒకప్పుడు బిర్యానీ దేగ్ మాటే. ఇప్పుడు దాని పక్కన మండి కూడా చేరింది. గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, సుండుపల్లె వైపు నుంచి కువైట్, సౌదీ వెళ్లి అక్కడి ఇళ్లలో, ఎడారి డేరాల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఆ రుచిని వెంట తెచ్చుకున్నారు. హోటల్లో ప్లేటులో పెట్టి ఇచ్చే మండి వేరు. ఇంటి వెనక ఖాళీ జాగాలో గుంత తవ్వి, ఇనుప డ్రమ్ము దించి, నిప్పుల మీద మాంసం వేలాడదీసి, మూత అంచుకు తడిమట్టి మెత్తి చేసే మండి వేరు. రెండోదాని రుచి చూసినవాళ్లు మొదటిదానికి పెద్దగా మెచ్చుకోరు.

ఎండాకాలంలో ఆ డ్రమ్ము దగ్గర నిలబడటం ఎవరివల్లా కాదు. అందుకే ఈ వంటకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లే అనువు. పెళ్లిళ్లూ, గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చేవాళ్లూ ఆ రోజుల్లోనే ఎక్కువ. పైగా రాబోయే ఏళ్లలో రంజాన్ కూడా చలికాలంలోకి వచ్చేస్తోంది. 2028లో జనవరి చివరలో, 2029లో జనవరి నడుమన మొదలవుతుంది. 2030లో అయితే ఒకే ఏడాదిలో రెండు రంజాన్ నెలలు మొదలవుతాయి, ఒకటి జనవరి మొదట్లో, రెండోది డిసెంబరు చివరలో. నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ. అంటే ఇఫ్తార్ దావత్‌లకు, హలీం దేగ్‌లకు, మండి డ్రమ్ములకు ఇక వరసగా కొన్నేళ్లు చలిలోనే నిప్పు వెలిగించాలి.

చలిలో ఈ వంట చెడగొట్టే విషయాలు రెండు. ఒకటి, మాంసం ఉడకడం ఆలస్యమవుతుంది. అది తెలియక సగం ఉడికినదే వడ్డిస్తారు. రెండోది ఇంతకంటే పెద్దది. చలి తట్టుకోలేక డ్రమ్మునో, దాంట్లో మిగిలిన నిప్పులనో కప్పు కిందికి, గోడల మధ్యకు తెచ్చుకుంటారు. మొదటిది కడుపునొప్పితో పోవచ్చు. రెండోది ప్రాణం తీస్తుంది.

డ్రమ్ములో జరిగేది ఇదీ

మండి పుట్టిల్లు యెమెన్‌లోని హద్రమౌత్. అక్కడి అరబ్బులు నిజాం సైన్యంలో చేరి హైదరాబాదులో స్థిరపడిన పేట బార్కస్. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. కాబట్టి తెలుగునేలకు ఈ వంట అటు నుంచి కూడా వచ్చింది. మంచు, తడి అనే అర్థమున్న 'నదా' అనే అరబ్బీ మాట నుంచి మండి పేరు వచ్చిందంటారు. పేరుకు తగ్గట్టు మాంసం తడి ఆరకుండా మెత్తబడటమే ఇందులో గొప్ప.

ముందు గుంతలోని డ్రమ్ములో కట్టెలు మండించి, మంట అణగి ఎర్రటి నిప్పులయ్యే దాకా ఆగాలి. ఆ మీద బియ్యం, ఎసరు ఉన్న గిన్నె. దాని పైన కమ్మీల జాలీ మీద మాంసం. మూత వేసి అంచు మూసేస్తే లోపల గాలి తక్కువై మంట లేవదు, నిప్పు మగ్గుతుంది. మాంసం కొవ్వు కరిగి బియ్యంలో పడుతుంది. పొగ, ఆవిరి కలిసి మాంసంలోకి వెళ్తాయి. అమెరికాలో ఇనుప పెట్టెల్లో గంటల తరబడి పొగ పెట్టి మాంసం వండుతారు కదా, దాని వెనకున్న సూత్రమే ఇదీ. కాకపోతే ఇక్కడ పెట్టె భూమిలో ఉంటుంది.

కట్టె విషయంలో రాయచోటికి లోటు లేదు. యెమెన్‌లో, గల్ఫ్‌లో మండికి సమర్ చెట్టు కట్టెలు, బొగ్గు వాడతారు. సమర్ మన తుమ్మకు చుట్టం. ఇక బీడు నిండా ముళ్లతో అల్లుకుపోయే సర్కారు తుమ్మ, టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి ఏరికోరి కొనే మెస్కీట్ చెట్టు ఒకే కుటుంబం. ఇక్కడ దాన్ని తిట్టుకుంటూ నరుకుతారు, అక్కడ సంచీల్లో పెట్టి అమ్ముతారు. మామిడి, చింత కట్టెలు కూడా బాగుంటాయి. వేప పొగ చేదు పట్టిస్తుంది. గన్నేరు విషం, దాని పుల్ల ఒక్కటి కూడా నిప్పులో పడకూడదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత తలుపుల ముక్కలు అసలే వద్దు.

డ్రమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. రసాయనాలో, పురుగుమందో పోసిన డ్రమ్మును ఎంత కడిగినా వంటకు పనికిరాదు. జింకు పూత ఉన్న రేకు బాగా కాలితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. నూనె డ్రమ్మును శుభ్రం చేయకుండా వెల్డింగు మంటతో కోయిస్తే లోపలి ఆవిరి పేలుతుంది. తినే సరుకు వచ్చిన డ్రమ్మే తీసుకుని, మొదటిసారి ఖాళీగా ఒక పూట గట్టిగా మంట పెట్టి, పైరంగు మొత్తం కాలిపోయాకే మాంసం దించాలి.

చలి ఎంత వేడిని లాగేస్తుంది

రాయచోటి చలి కాశ్మీరు చలి కాదు కదా, డ్రమ్ముకు ఏమవుతుందని అనిపించవచ్చు. లెక్క వేస్తే తెలుస్తుంది. వేడి వస్తువు నుంచి బయటికి పోయే వేడి, లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లోపల 120 డిగ్రీలు నిలపాలనుకుందాం. మే నెల సాయంత్రం బయట 38 డిగ్రీలుంటే తేడా 82. జనవరి రాత్రి బయట 18 ఉంటే తేడా 102. అంటే దాదాపు నాలుగోవంతు ఎక్కువ వేడి బయటికి పోతోంది. చికాగోలో సున్నాకు 10 డిగ్రీలు కిందున్న రాత్రి ఇదే పని చేసేవాళ్లకు తేడా 130, మే నెల రాయచోటితో పోలిస్తే ఒకటిన్నర రెట్ల పైమాటే.

ఇదంతా గాలి లేనప్పటి లెక్క. గాలి వీస్తే రేకును అంటుకున్న వెచ్చటి పొరను ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. నేల మీద నిలబెట్టిన డ్రమ్ముకు చలి కంటే గాలే పెద్ద శత్రువు. భూమిలో దించిన డ్రమ్ముకు ఆ బాధ లేదు కానీ మరో చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానకు మట్టి తడిసి ఉంటుంది. ఆ తడిని ఆవిరి చేయడానికే నిప్పుల సత్తువ సగం పోతుంది. గుంత అడుగున పొడి ఇసుక, చుట్టూ ఇటుకలు పేర్చుకుంటే చాలావరకు నయం. ఇటుకలు లేవని మాండవ్య నది నుంచి గుండ్రాళ్లు తెచ్చి వేయకూడదు. నీళ్లు పీల్చిన ఏటిరాయి నిప్పులో పడితే లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ఎగిరిపడుతుంది.

కట్టె కూడా అంతే. పైకి ఎండినట్టు కనిపించినా వానాకాలం బయట పడున్న మొద్దు లోపల తడే. తడి కట్టె తెల్లటి దట్టమైన పొగ కక్కుతుంది, ఆ పొగ మసి మాంసానికి అంటుకుని చేదు చేస్తుంది. మంచి పొగ పలుచగా, నీలి ఛాయలో ఉంటుంది. ముందురోజే కట్టెలు చీల్చి ఇంట్లో ఆరబెట్టుకోవాలి. తడి కట్టె అంటుకోవడం లేదని కిరసనాయిలు గుమ్మరిస్తే మండి మొత్తం ఆ వాసనే.

మరి చేయాల్సిందేమిటి? ఎండాకాలం కంటే ముందుగా నిప్పు వెలిగించాలి. నిప్పులు డ్రమ్ము అడుగున జానెడు మందం పరుచుకున్నాకే గిన్నె దించాలి. గిన్నెలో చన్నీళ్లు పోయకూడదు, మరిగే ఎసరే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఆ నీళ్లు కాగే దాకా మాంసానికి వేడి అందదు. మాంసం ముక్కలు అరకిలో మించకుండా కోయించుకోవాలి. పూర్తి రాన్, పొట్టేలును పళంగా వేలాడదీయడం చూడటానికి బాగుంటుంది కానీ చలిరాత్రి ఎముక దగ్గరికి వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది. కడుపులో బియ్యం కూరితే ఇంకా ఆలస్యం. మామూలుగా రెండు, రెండున్నర గంటల్లో అయ్యే పొట్టేలు మాంసానికి చలికాలంలో మరో అరగంట, ముప్పావుగంట వేసుకోవాలి. మధ్యలో 'అయిందేమో చూద్దాం' అని మూత ఎత్తితే పావుగంట వెనక్కి వెళ్లినట్టే.

అయిందో లేదో కంటితో చెప్పడం కష్టం. పొగలో వండిన మాంసం పూర్తిగా ఉడికినా పై పొర కింద గులాబీ రంగులోనే ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ వాయువులు మాంసంలో రంగునిచ్చే పదార్థాన్ని పట్టుకుని ఆ ఎరుపును అలాగే నిలబెడతాయి. కాబట్టి ఎర్రగా ఉందని పచ్చిదనీ కాదు, గోధుమ రంగుకు వచ్చిందని ఉడికిందనీ కాదు. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బావర్చీలు నవ్వినా సరే ఒకటి కొనిపెట్టుకోవడం మంచిది. ముక్క నడిమధ్యన, ఎముకకు తగలకుండా గుచ్చాలి. పొట్టేలు, మేక ముక్కలకు కనీసం 63 డిగ్రీలు, ఖీమా కబాబులకు 71, కోడికి 74 ఉండాలి. ఇవి తినడానికి భద్రమైన హద్దులు మాత్రమే. మండి మాంసం ఎముక నుంచి జారి రావాలంటే 90 డిగ్రీల దాకా వెళ్లాలి, నరాలు, కీళ్ల దగ్గరి గట్టి కండ అప్పుడే కరుగుతుంది. మధ్యలో 65, 70 దగ్గర వేడి ఎక్కకుండా చాలాసేపు నిలిచిపోతుంది. మాంసం తడి ఆవిరవుతూ తనను తాను చల్లబరచుకోవడం వల్ల అలా అవుతుంది. నిప్పు ఆరిపోయిందని కంగారుపడి మూత తీస్తే ఉన్న వేడి కూడా పోతుంది.

'చలికాలం కదా, చెడిపోదులే'

పొద్దున జబీహా అయిన మాంసానికి మసాలా పట్టించి, సాయంత్రం దాకా పెరట్లో గిన్నెలో మూతపెట్టి ఉంచేయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. చలికాలంలో అయితే అసలు అనుమానమే రాదు. కానీ ఫ్రిజ్ లోపల ఉండేది 4 డిగ్రీలు. రాయచోటిలో జనవరి పగలు ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. మనిషికి స్వెట్టర్ కావాలనిపించే 18 డిగ్రీలు సూక్ష్మజీవులకు హాయిగానే ఉంటుంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య అవి పెరుగుతూనే ఉంటాయి. పచ్చిమాంసాన్ని వండటం మొదలయ్యే దాకా ఫ్రిజ్‌లోనో, ఐసు నింపిన డబ్బాలోనో ఉంచాలి. నిమ్మరసం, పెరుగు, ఉప్పు పట్టించాం కాబట్టి ఏమీ కాదన్న ధీమా వద్దు.

నిప్పు సరిగా పట్టని డ్రమ్ములో మాంసం దించడం కూడా అలాంటిదే. గోరువెచ్చటి పొగలో గంటల తరబడి నానుతున్న మాంసం వండినట్టు కాదు, సూక్ష్మజీవులను పెంచినట్టు. నాలుగు గంటలైనా ముక్క మధ్యలో 60 డిగ్రీలు దాటలేదంటే మొహమాటం లేకుండా పారేయాలి. ఆ రోజు దావత్‌కు ఇంకేదైనా వండుకోవచ్చు.

తబర్రుక్‌గానో హిస్సాగానో చుట్టాలకు, పక్కవాళ్లకు పంపే అన్నం విషయంలోనూ జాగ్రత్త కావాలి. పెద్ద గిన్నెలో గుట్టగా ఉన్న అన్నం చలిరాత్రి కూడా లోపల గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, ఆ వెచ్చదనంలో మళ్లీ లేస్తాయి. అవి వదిలే విషం తిరిగి వేడిచేసినా పోదు. మిగిలిన అన్నాన్ని రెండు గంటల్లోపు పలుచగా పళ్లేల్లో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

పొగ లేని నిప్పు

మాంసాన్ని ఎర్రగా నిలిపే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ ఒకటని పైన వచ్చింది. అదే వాయువు మనిషి రక్తాన్నీ పట్టుకుంటుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. గాలి సరిగా అందని నిప్పు నుంచి ఎక్కువగా పుడుతుంది. మూత మూసి మగ్గబెట్టే మండి డ్రమ్మంటే అదే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కట్టె పొగను చూసి భయపడతారు కానీ, పొగంతా పోయి కణకణలాడుతున్న నిప్పులను చూసి 'ఇక పొగ రాదు, లోపల పెట్టుకోవచ్చు' అనుకుంటారు. బొగ్గు నిప్పులు పొగ లేకుండానే ఈ వాయువును వదులుతూ ఉంటాయి. బూడిద కప్పిన నిప్పులు ఇంకా మోసం, ఆరిపోయినట్టు కనిపిస్తూనే రాత్రంతా వదులుతాయి.

చలికాలంలో ఇది ఇంట్లోకి వచ్చే దారులు చాలా మామూలుగా ఉంటాయి. వంట దగ్గర చలిగాలి కొడుతోందని షామియానా పరదాలు నాలుగు వైపులా దించేస్తారు. వాన తుంపర పడుతోందని డ్రమ్మును కార్ షెడ్డులోకో, మెట్ల కిందికో జరుపుతారు. దావత్ అయ్యాక మిగిలిన నిప్పులు కుంపట్లోకి ఎత్తి వసారాలో పెద్దవాళ్ల మంచం కింద పెడతారు. అన్నిటికంటే భయపడాల్సింది బాలింత గది. తల్లికీ బిడ్డకూ చలి తగలకూడదని కిటికీలు మూసి, తలుపు కింద గుడ్డ దోపి, సాంబ్రాణి నిప్పుల కుంపటి మంచం పక్కనే ఉంచే అలవాటు ఇంకా ఉంది. గర్భిణులకు, పసిబిడ్డలకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఈ వాయువు మిగతావాళ్ల కంటే త్వరగా ఎక్కుతుంది. పసిబిడ్డ తలనొప్పని చెప్పలేదు. సాంబ్రాణి వేయాలనుకుంటే తలుపులు తీసి, కాసేపు చూపించి, కుంపటిని వాకిట్లోకి తెచ్చేయాలి. గదిని వెచ్చగా ఉంచడానికి దుప్పట్లు, వేడినీళ్ల సంచీ ఉన్నాయి.

రాత్రి పడుకునే ముందు ఇంట్లో నిప్పును అలాగే వదిలేయవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఇంట్లో పెద్దలు కుంపటి తీయడానికి ఒప్పుకోనప్పుడు సైన్సు పాఠం కంటే ఈ మాటే త్వరగా పనిచేస్తుంది.

గాలి అడ్డుకు ఒక గోడ చాలు. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపున రేకో, ఇటుకల వరసో నిలబెట్టి మిగతా మూడు వైపులూ, పైనా పూర్తిగా వదిలేయాలి. డ్రమ్ము ఇంటి కిటికీలకు, తలుపులకు దూరంగా ఉండాలి. మూత తీసేటప్పుడు గాలి వీచే వైపు నిలబడి, అవతలి అంచు ముందు ఎత్తాలి. లోపల పేరుకున్న వాయువుకు ఒక్కసారిగా గాలి తగిలి మంట పైకి లేవవచ్చు. గుంతలోకి తల వంచి చూడకూడదు, నైలాన్ బట్టలతో, వేలాడే దుపట్టాతో దగ్గరికి వెళ్లకూడదు.

కువైట్‌లో ఉన్నవాళ్లకు

అక్కడ నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ దాకా ఎడారి డేరాల కాలం. అరబ్బు కుటుంబాలు డేరాలు వేసుకుంటే వంటకు, కాపలాకు, కారు నడపడానికి వెళ్లేవాళ్లలో కడప జిల్లా, రాయచోటి ప్రాంతం వాళ్లు ఎందరో ఉంటారు. రాత్రి ఎడారి చలి ఎముకలు కొరుకుతుంది. యజమానులు మాంసం కాల్చుకున్న నిప్పులు మిగిలే ఉంటాయి. అక్కడ 'దువ్వా' అనే బొగ్గు కుంపటి ప్రతి డేరాలో ఉంటుంది. దాన్ని పనివాళ్ల డేరాలోకో, కిటికీ లేని చిన్న గదిలోకో తీసుకెళ్లి జిప్పు మూసి పడుకుంటే తెల్లారేసరికి లేవకపోవచ్చు. మూసిన చోట బొగ్గు కాల్చవద్దని అక్కడి అగ్నిమాపక దళం చలికాలంలో హెచ్చరిస్తూ ఉంటుంది. ఆ హెచ్చరిక అరబ్బీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది, చేరాల్సినవాళ్లకు చేరదు. ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడు 'తిన్నావా' తర్వాత 'గదిలో బొగ్గు పెట్టుకోవడం లేదు కదా' అని కూడా అడగాలి.

ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, తల తిరగడం, వికారం, విపరీతమైన మగత వస్తే అది జలుబూ కాదు, తిన్నది పడకపోవడమూ కాదేమోనని వెంటనే అనుమానించాలి. బయటికి వస్తే తగ్గుతోందంటే అనుమానం ఇంకా గట్టిది. కిటికీలు తీస్తూ, నిప్పు ఆర్పుతూ లోపలే ఉండిపోకూడదు. ముందు అందరినీ బయటి గాలిలోకి తేవాలి, స్పృహ లేకపోతే ఈడ్చుకునైనా తేవాలి. ఇక్కడైతే 108కి, కువైట్‌లో 112కి ఫోన్ చేసి బొగ్గు పొగ పీల్చారని చెప్పాలి. ఆసుపత్రిలో ఇచ్చే ఆక్సిజనే దీనికి వైద్యం. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. అమెరికాలో, గల్ఫ్ ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. పొగకు మోగే అలారం ఈ వాయువుకు మోగదు, దీనికి వేరే అలారం పెట్టించుకోవాలి. గరాజ్ తలుపు ఎత్తి ఉంచి లోపల మాంసం కాల్చడం కూడా భద్రం కాదు.

దావత్ ముగిసి అందరూ వెళ్లాక డ్రమ్ములో నిప్పులు ఇంకా ఉంటాయి. మూత వేసి గాలి రాకుండా మూసేస్తే మెల్లగా ఆరతాయి, మిగిలిన బొగ్గు ఇంకోసారికి పనికొస్తుంది. తొందరగా ఖాళీ చేయాలంటే దూరం నుంచి కొంచెం కొంచెంగా నీళ్లు చల్లాలి. ఒకేసారి బిందె గుమ్మరిస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది. బూడిద మరుసటి రోజు పొద్దున కూడా లోపల వేడిగా ఉండవచ్చు. దాన్ని ప్లాస్టిక్ బుట్టలోకి, గడ్డివాము వైపు, పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకునే చోట పోయకుండా, పూర్తిగా చల్లారాక చెట్ల పాదుల్లో వేసుకోవచ్చు.